సొమ్ము కోకోది, సోకు చాక్లెట్‌ది

గుండెకు మంచిది, బీపీ తగ్గిస్తుంది, ఐరన్ ఉంది, మెగ్నీషియం ఉంది, మెదడు చురుగ్గా పనిచేస్తుంది, మనసు తేలికపడుతుంది. ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, చాక్లెట్ మీద ఈ వరసలో ఒక సుగుణాల చిట్టా ఎక్కడో ఒకచోట కనబడుతుంది. పాపం, కాకరకాయకు కూడా ఇంత మంచి పేరు రాలేదు. ఈ చిట్టాలో ఉన్నదంతా అబద్ధమని కొట్టిపారేయలేం. చాలావాటికి వెనక ఏదో ఒక ప్రయోగం, ఏదో ఒక కొలత ఉంది. చిక్కల్లా ఆ ప్రయోగాలు దేని మీద చేశారు, మనం తింటున్నది ఏమిటి అన్న దగ్గరే. పరిశోధకులు కొలిచింది కోకో గింజలోని సత్తువను. కొట్టులో మనకు దొరుకుతున్నది ఆ గింజ పేరు మోసే చక్కెర బిళ్ల. సొమ్మొకడిది, సోకొకడిది అంటామే, చాక్లెట్ పోషకాల కథ అచ్చంగా అదే.

ముందు బిళ్లలో ఏముందో చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ పోషక విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల మిల్క్ చాక్లెట్‌లో సుమారు 535 కేలరీలు ఉంటాయి. అందులో చక్కెరలు 51 గ్రాముల పైన, కొవ్వు 30 గ్రాములకు దగ్గర. ఆ కొవ్వులో 18 గ్రాములకు పైగా సంతృప్త కొవ్వే. ప్రొటీన్ 8 గ్రాముల లోపు. అంటే సగం చక్కెర, మూడో వంతుకు కాస్త తక్కువ కొవ్వు. ఈ రెండూ తీసేస్తే మిగిలేది అయిదో వంతు కూడా లేదు. పాల ప్రొటీను, కోకోలోని పీచు, ఖనిజాలు, పొగిడిన సుగుణాలన్నీ ఆ కాస్తలోనే సర్దుకోవాలి. 50 గ్రాముల బారు ఒకటి తింటే 267 కేలరీలు, 25 గ్రాములు దాటిన చక్కెర ఒంట్లోకి వెళతాయి. పాల నుంచి వచ్చే లాక్టోజ్ కూడా ఈ లెక్కలోనే ఉంది కాబట్టి, విడిగా కలిపిన చక్కెర అంతకంటే కొన్ని గ్రాములు తక్కువ ఉంటుందనుకుందాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు, 2000 కేలరీలు తినే మనిషికి రోజు మొత్తం మీద చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదన్నాయి. పొద్దున కాఫీ, మధ్యాహ్నం టీ, సాయంత్రం బిస్కెట్లు, వీటన్నిటికీ సరిపోవాల్సిన కోటా అది. ఒక్క బారే దాదాపు మొత్తం మింగేస్తోంది.

ఇక కోకో వాటా. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల్లో మిల్క్ చాక్లెట్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కోకో ఘనపదార్థం, తేమ, కొవ్వు తీసేసి లెక్కిస్తే, కనీసం రెండున్నర శాతం. ప్లెయిన్ చాక్లెట్‌కైతే 12 శాతం. యూరప్‌లో కూడా కొవ్వు లేని కోకోకు కనీస హద్దు రెండున్నర శాతమే, కాకపోతే కోకో వెన్నతో కలిపి మొత్తం 25 శాతం ఉండి తీరాలని ఇంకో షరతు ఉంది. ఫ్లేవనాల్స్ అనే పాలీఫెనాల్స్, పీచు, ఐరన్, మెగ్నీషియం, ఇలా చాక్లెట్‌కు పేరు తెచ్చినవన్నీ ఈ కొవ్వు లేని భాగంలోనే ఉంటాయి. కోకో వెన్నలో ఇవేవీ ఉండవు. వైట్ చాక్లెట్‌లో వెన్న తప్ప కోకో పొడి ఉండదు కనుక దాని గురించి ఆరోగ్యం మాట ఎత్తనే అక్కర్లేదు. కంపెనీలు కనీసానికి మించి వేయొచ్చు, వేసేవాళ్లూ ఉన్నారు. అయినా చట్టం అడిగేది ఎంతో తెలుసుకోవాలి కదా. 50 గ్రాముల మిల్క్ చాక్లెట్ బారులో ఒకటింపావు గ్రాము కోకో పొడి ఉంటే చట్టానికి అభ్యంతరం లేదు. టీ చెంచా కూడా నిండదు.

అసలు కోకోకు ఈ పేరెలా వచ్చింది? పనామా తీరంలోని సాన్ బ్లాస్ దీవుల్లో కూనా అనే ఆదివాసులున్నారు. వయసు మీద పడేకొద్దీ రక్తపోటు పెరగడం లోకమంతటా మామూలే అయినా, ఆ దీవుల్లో మాత్రం పెరగడం లేదని హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హోలెన్‌బర్గ్ గమనించారు. వాళ్లలోనే నగరానికి వలసపోయినవాళ్లకు అందరిలాగే పెరుగుతోంది. కాబట్టి అది పుట్టుకతో వచ్చిన లక్షణం కాదు, తిండిలో ఏదో ఉందనుకున్నారు. దీవుల్లో జనం రోజూ కప్పుల కొద్దీ కోకో పానీయం తాగుతారు. అక్కడి నుంచి పరిశోధన ఫ్లేవనాల్స్ వైపు మళ్లింది. ఇవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ తయారీకి తోడ్పడతాయని, దాంతో నాళాలు సడలి రక్తం సాఫీగా పారుతుందని తేలింది. ఇంతవరకు శాస్త్రం గట్టిగానే ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రక్తప్రసరణకు మేలు చేస్తాయని ఒప్పుకుంది. ఆ మోతాదుకు అది చెప్పిన దారి రెండున్నర గ్రాముల ప్రత్యేక కోకో పొడి, లేదంటే 10 గ్రాముల ప్రత్యేక డార్క్ చాక్లెట్. రెండూ ఫ్లేవనాల్స్ పోకుండా జాగ్రత్తపడి తయారు చేసినవి. వీధి చివరి కొట్టులో దొరికేవి కావు.

ఈ రంగంలో ఇప్పటిదాకా జరిగిన పెద్ద ప్రయోగం అమెరికాలోని కాస్మాస్. 21,442 మంది పెద్ద వయసువాళ్లను తీసుకుని, రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చి మూడున్నరేళ్లకు పైగా గమనించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపిన ప్రధాన లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుండె జబ్బులతో సంభవించిన మరణాలు మాత్రం 27 శాతం తగ్గినట్టు కనిపించింది. ఖర్చులో కొంత భరించింది చాక్లెట్లమ్మే మార్స్ సంస్థ అన్నది కూడా గుర్తుపెట్టుకోవాల్సిందే. ఈ ఫలితం ఎంత గట్టిదన్న చర్చ ఎలా ఉన్నా, మనకు కావాల్సింది ఒక చిన్న విషయం. ఆ 500 మిల్లీగ్రాములు ఇచ్చింది గొట్టం మాత్రల్లో. అందులో చక్కెర లేదు, పాలు లేవు, వెన్న లేదు. అదే మోతాదును చట్టం అడిగే కనీస కోకో ఉన్న మిల్క్ చాక్లెట్‌తో రాబట్టాలంటే ఎంత తినాలో చూద్దాం. కోకో పొడి మేలు రకమని, గ్రాముకు 35 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్నాయని ఉదారంగా ఒప్పుకున్నా, 570 గ్రాముల చాక్లెట్ కావాలి. మూడు వేల కేలరీలు, దాదాపు మూడొందల గ్రాముల చక్కెర దాంతో పాటు వస్తాయి. కంపెనీ దయతలచి కోకో రెట్టింపు వేసిందనుకున్నా ఇందులో సగం తినక తప్పదు. ఆ తర్వాత గుండె సంగతి అటుంచి, షుగర్ డాక్టరు దగ్గర టోకెన్ తీసుకోవాల్సి వస్తుంది.

పైగా గ్రాముకు 35 మిల్లీగ్రాములన్నది అంత తేలిగ్గా దొరికే మాట కాదు. ఎందుకో తెలియాలంటే తోట నుంచే మొదలుపెట్టాలి. గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన కోకోను అంతర పంటగా వేస్తారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ పగలగొట్టి చూస్తే తెల్లటి తీపి గుజ్జులో వరుసగా గింజలుంటాయి. పచ్చి గింజ కొరికితే వగరు, చేదు. ఆ వగరే ఫ్లేవనాల్స్ రుచి. గింజలను గంపల్లోనో చెక్కపెట్టెల్లోనో పోసి కొన్ని రోజులు పులియబెడతారు, ఎండబెడతారు, ఫ్యాక్టరీలో వేయిస్తారు. ఒక్కో మెట్టు దాటేకొద్దీ వగరు తగ్గి చాక్లెట్ వాసన పెరుగుతుంది, ఫ్లేవనాల్స్ అంతకంతకు కరిగిపోతాయి. మనం చాక్లెట్ రుచి అని మురిసిపోయేది చాలావరకు ఈ నష్టంలో నుంచి పుట్టిందే. ఆఖరి దెబ్బ క్షారం. 19వ శతాబ్దపు తొలి సగంలో డచ్చి దేశస్థుడు వాన్ హౌటెన్ కోకో పొడిని క్షార లవణాలతో శుద్ధి చేసే పద్ధతి కనిపెట్టాడు. పొడి ముదురు రంగుకు తిరుగుతుంది, పులుపు, వగరు పోతాయి, పాలలో చక్కగా కలుస్తుంది. 2008లో అమెరికా మార్కెట్లోని కోకో పొడులను పరీక్షిస్తే, క్షారం తగలని వాటిలో గ్రాముకు సగటున 35 మిల్లీగ్రాముల దాకా ఉన్న ఫ్లేవనాల్స్, బాగా క్షారం పట్టించిన వాటిలో నాలుగు మిల్లీగ్రాములకు పడిపోయాయి. తొమ్మిదింట ఎనిమిది వంతులు పోయినట్టు. రేపర్ మీద ఈ నష్టం లెక్క ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఫ్లేవనాల్స్ ఎన్ని ఉన్నాయో చెప్పాలని ఏ చట్టమూ అడగదు.

అలాంటప్పుడు డార్క్ చాక్లెట్ తింటే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. ఇది తీసిపారేయాల్సిన వాదన కాదు. 70 నుంచి 85 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో పీచు 11 గ్రాములు, ఐరన్ 12 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 228 మిల్లీగ్రాములు ఉంటాయి. చక్కెర 24 గ్రాములకు దిగుతుంది. మిల్క్ చాక్లెట్‌తో పోలిస్తే ఎంతో మేలు. కానీ కోకో పెరిగినప్పుడు కోకో వెన్న కూడా పెరుగుతుంది. కొవ్వు 43 గ్రాములకు చేరి కేలరీలు 600 తాకుతాయి. ఐరన్ విషయానికొస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనతతో బాధపడుతున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి, ఐరన్ కోసం డార్క్ చాక్లెట్ అనే సలహా వినడానికి బాగుంటుంది. 20 గ్రాముల ముక్కలో దొరికేది రెండున్నర మిల్లీగ్రాముల లోపు. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29 మిల్లీగ్రాములు. దొరికిన ఆ కాస్త ఐరన్ కూడా మొక్కల నుంచి వచ్చే రకం, ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. పట్టకుండా అడ్డుపడేవాటిలో కోకోలోని పాలీఫెనాల్స్ కూడా ఉన్నాయి. గుండె పేరు చెప్పి పొగిడిన పదార్థమే రక్తం దగ్గరకొచ్చేసరికి ఎదురు నిలుస్తుందన్నమాట. ఇది చాలదన్నట్టు లోహాల గొడవ ఒకటి. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022 డిసెంబరులో 28 డార్క్ చాక్లెట్ బార్లను పరీక్షిస్తే అన్నిటిలోనూ సీసం, కాడ్మియం కనిపించాయి. రోజుకు 28 గ్రాములు తింటే 23 బార్లలో ఏదో ఒక లోహం కాలిఫోర్నియా పెట్టుకున్న హద్దు దాటుతుందని తేల్చారు. కాడ్మియంను చెట్టు వేళ్లతో నేలలో నుంచి లాక్కుంటుంది. సీసం చాలావరకు గింజలు ఆరుబయట ఎండేటప్పుడు దుమ్ముతో అంటుకుంటుంది. ఆ హద్దు చాలా గట్టిది, దాటినంత మాత్రాన ఎవరూ మంచం పట్టరు. అయితే గర్భిణులకు, చిన్న పిల్లలకు రోజూ పెట్టే మందుగా దీన్ని సిఫారసు చేసేముందు ఆలోచించుకోవాలి.

కొవ్వు తరఫున కూడా ఒక వకాల్తా వినిపిస్తుంది. కోకో వెన్నలో మూడో వంతు స్టియరిక్ ఆమ్లం, అది సంతృప్త కొవ్వే అయినా రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచదు అంటారు. నిజం. ఇంకో మూడో వంతు ఆలివ్ నూనెలో ఉండే ఒలియిక్ ఆమ్లం, అదీ నిజం. మొత్తంలో నాలుగో వంతు దాకా ఉన్న పామిటిక్ ఆమ్లం చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుందన్న సంగతి మాత్రం ఆ వకీళ్లు చెప్పరు. మిల్క్ చాక్లెట్‌లో పాల కొవ్వు దీనికి అదనం. అసలు ఈ వాదన నిలబడాలంటే చాక్లెట్‌లో ఉన్న కొవ్వు కోకో వెన్నే కావాలి. మన నిబంధనలు 5 శాతం వరకు వేరే వృక్ష కొవ్వులకు చోటిచ్చాయి. యూరప్ అనుమతించిన ఆరు కొవ్వుల జాబితాలో మన గుగ్గిలం చెట్టు గింజల కొవ్వు, మామిడి జీడి కొవ్వు కూడా ఉన్నాయి. మనం చెత్తకుప్పలో పడేసే మామిడి టెంక చాక్లెట్ కావడం ఒక రకంగా ముచ్చటే. అసలు ఇబ్బంది కాంపౌండ్ చాక్లెట్ అనేదాని దగ్గరుంది. కేకుల మీద పూత, చౌక బార్లు, వేఫర్ల పైపొర చాలాచోట్ల ఇదే. కోకో వెన్న స్థానంలో పామ్ కెర్నెల్ వంటి నూనెల నుంచి చేసిన కొవ్వు పోస్తారు. పామ్ కెర్నెల్ నూనెలో 80 శాతం దాకా సంతృప్త కొవ్వే, అందులో స్టియరిక్ ఆమ్లం నామమాత్రం. చాక్లెట్ రంగు, వాసన ఉంటాయి కాబట్టి నాలుకకు తేడా తెలియదు, తెలిసినా ఎండాకాలంలో కరగకుండా నిలబడుతుంది కాబట్టి కొట్టువాడికి అదే నయం.

పుట్టినరోజున బడిలో పిల్లలు పంచే రూపాయి, రెండ్రూపాయల బిళ్లల దగ్గరకొస్తే కోకో మరీ సాక్షిసంతకానికే మిగులుతుంది. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, కొవ్వు, పాలపొడి, ఆ తర్వాత ఎక్కడో చివర్లో కోకో. ముడిసరుకులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన గనుక ఈ వరసే అసలు నిజం చెబుతుంది. చదవడానికి రేపర్ మీద ఆ వరస ఉంటేగా! 100 చదరపు సెంటీమీటర్లు మించని పొట్లాల మీద ముడిసరుకుల జాబితా, పోషకాల పట్టిక వేయకపోయినా ఫర్వాలేదని లేబులింగ్ నిబంధనలే మినహాయింపునిచ్చాయి. అవి ఆ బిళ్లలన్నీ వచ్చే పెద్ద ప్యాకెట్టు మీద ఉంటే చాలు. పెద్ద ప్యాకెట్టు కొట్టువాడి దగ్గరే ఉండిపోతుంది, బిళ్ల పిల్లవాడి నోట్లోకి పోతుంది. తిండి విషయంలో అందరికంటే తక్కువ తెలిసిన కొనుగోలుదారుకు, అందరికంటే తక్కువ సమాచారం ఇచ్చే ఏర్పాటు ఇది.

పట్టిక ఉన్న బార్ల మీదైనా అంకెను నమ్మి ఊరుకోలేం. కలిపిన చక్కెర రోజువారీ పరిమితిలో ఎంత శాతమో వేయాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కానీ ఆ శాతానికి ఆధారంగా తీసుకున్న పరిమితి 50 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కేలరీల్లో 10 శాతం మించొద్దన్న పై హద్దు అది. అదే సంస్థ 5 శాతానికి తగ్గిస్తే ఇంకా మేలని కూడా అంది, మన పోషకాహార సంస్థ ఆ రెండో మాటనే తీసుకుని 25 గ్రాములంది. అంటే 20 గ్రాముల కలిపిన చక్కెర ఉన్న బారు మీద 40 శాతం అని అచ్చవుతుంది, మన సొంత శాస్త్రవేత్తల లెక్కలో అది 80 శాతం. నిబంధనలు పెట్టింది, మార్గదర్శకాలు ఇచ్చింది రెండూ ప్రభుత్వ సంస్థలే, హద్దులు మాత్రం ఒకదానికి ఇంకొకటి రెట్టింపు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివే ఓపిక ఉన్న తల్లిదండ్రులకే ఈ గతి పడితే, తిప్పని వాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇంత చెప్పాక ఎవరైనా అడగొచ్చు. బొబ్బట్లు, అరిసెలు, ఆత్రేయపురం పూతరేకులు ఏం తక్కువ తిన్నాయి, వాటిలో చక్కెర, బెల్లం, నెయ్యి లేవా అని. ఉన్నాయి, దండిగా ఉన్నాయి. బెల్లం కూడా ఒంట్లోకి వెళ్లాక చక్కెరగానే పనిచేస్తుంది. తేడా ఒక్కటే. పూతరేకు గుండెకు మంచిదని ఎవరూ అమ్మరు, పండగకని, పెళ్లికని, చుట్టాలొచ్చారని తింటారు. చాక్లెట్‌ను కూడా అలాగే తింటే ఈ వ్యాసంతో పనే లేదు. అప్పుడప్పుడూ ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఎవరి ఆరోగ్యమూ కూలిపోదు. అభ్యంతరమల్లా మిఠాయికి మందు వేషం వేయడం మీదే. పోషకాల పోటీకే దింపితే, వేరుశనగ గింజల్లో 100 గ్రాములకు 24 గ్రాముల ప్రొటీన్ ఉంది, మిల్క్ చాక్లెట్‌కు మూడు రెట్లు. రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, మిల్క్ చాక్లెట్‌లో 189. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజన పథకంలో చిక్కీ, తర్వాత రాగిజావ చేర్చింది ఊరికే కాదు. చిక్కీలోనూ బెల్లం వాటా ఎక్కువే, కాకపోతే పల్లీ అందులో పేరుకు కాకుండా తూకానికి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ల కోసమంటూ వచ్చే చక్కెర లేని చాక్లెట్‌ది మరో తిరకాసు. చాలావాటిలో వేసే మాల్టిటాల్ చక్కెరలో సగానికి పైగా కేలరీలు ఇస్తుంది, ఎక్కువ తింటే కడుపు ఖాళీ చేయిస్తుంది. కొవ్వు మాత్రం ఎక్కడికీ పోదు.

చాక్లెట్‌కు మంచి పేరు ఎంత సులువుగా వస్తుందో చూపించిన ఉదంతం ఒకటుంది. 2015లో జాన్ బోహానన్ అనే అమెరికన్ పాత్రికేయుడు, చాక్లెట్ తింటే త్వరగా బరువు తగ్గుతారని ఒక అధ్యయనం ప్రచురించాడు. మూడు వారాలు, 15 మంది మనుషులు, 18 రకాల కొలతలు. అన్ని కొలతలు తీస్తే ఏదో ఒకదానిలో కాకతాళీయంగా తేడా వస్తుందని అతనికి ముందే తెలుసు, వచ్చింది. జర్మనీలోని బిల్డ్ పత్రిక మొదలు ఎన్నో దేశాల పత్రికలు, టీవీలు దాన్ని పట్టుకుని ఊరేగించాయి. కొన్నాళ్లకు అతనే ముందుకొచ్చి, ఇదంతా మీరు ఎంత పరిశీలిస్తారో చూద్దామని చేసిన పని అని చెప్పాడు. అదే కాకర రసం మీద అధ్యయనమైతే ఎవరైనా రెండో పేజీ తిప్పి చూసేవాళ్లే. ఇష్టమైన తిండి గురించి మంచి మాట చెబితే అడ్డుప్రశ్న వేయబుద్ధి కాదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో ఫ్లేవనాల్స్ ఎక్కువున్న కోకో పొడికి గుండె ఆరోగ్యం మాట రాసుకోవచ్చని అనుమతిస్తూనే, ఆధారాలు చాలా పరిమితమని అక్కడే రాయాలంది, మామూలు కోకో పొడికి, చాక్లెట్‌కు ఇది వర్తించదని విడిగా చెప్పింది. ఆ రెండో సగం సుగుణాల చిట్టాలోకి ఎప్పుడూ ఎక్కదు.

ఈ లెక్కను ఇంకా పలచన చేసిన పరిణామం కూడా ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని 2024 చివర్లో ప్రపంచ మార్కెట్లో కోకో ధర టన్ను 12 వేల డాలర్లు దాటింది. చక్కెరకు, పామాయిల్‌కు అలాంటి కొరత రాలేదు. ఏది తగ్గించాలో కంపెనీలకు వేరే చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో పెంగ్విన్, క్లబ్ అనే పాత బిస్కెట్లు 2025లో కోకో తగ్గించుకుని, చాక్లెట్ అనే మాట వాడే అర్హత పోగొట్టుకుని, చాక్లెట్ రుచి అని రాసుకుంటున్నాయి. కనీసం అక్కడ మాట మార్చుకోక తప్పలేదు.

కోకోలోని మేలే కావాలనుకునేవాళ్లకు చాక్లెట్ కంటే దగ్గరి దారి చక్కెర కలపని కోకో పొడి. అయిదు గ్రాముల పొడిలో పదకొండు, పన్నెండు కేలరీలు, గ్రామున్నర పైన పీచు, 25 మిల్లీగ్రాముల మెగ్నీషియం వస్తాయి. గోరువెచ్చని పాలలో కలుపుకోవచ్చు. కొనేముందు డబ్బా వెనక ముడిసరుకుల వరస చూడాలి. ఆమ్లతను అదుపుచేసే పదార్థం అంటూ పక్కన 500 గానీ 501 గానీ అంకె ఉంటే అవి సోడియం, పొటాషియం కార్బొనేట్లు, పొడికి క్షారం పట్టించినట్టే. ఆ అంకెలు లేని పొడి లేత గోధుమ రంగులో ఉంటుంది, కాస్త పుల్లగా, వగరుగా తగులుతుంది, పాలలో కలవడానికి మొరాయిస్తుంది. నల్లగా నిగనిగలాడే పక్క డబ్బాతో పోలిస్తే నాసిరకంలా కనబడుతుంది, కొనాల్సింది మాత్రం దాన్నే.